అణు విద్యుత్కేంద్రములు: ఆలస్యమునకు వెల

అణు విద్యుత్కేంద్రముల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల రెండు వాదములు వినవచ్చుచుండును. అవి ప్రమాదకరములని ఒక పక్షము, అవి లేనిదే దేశమునకు వెలుగు లేదని మరియొక పక్షము. రెండింటిలోను ఆలోచింపదగిన విషయము కలదు. కాని ఈ వాదముల సందడిలో మూడవ ప్రశ్న యొకటి మరుగున పడిపోవుచున్నది. కేంద్రమును కట్టుదుమని ప్రభుత్వము ప్రకటించిన దినమునకును, అక్కడ పుట్టిన మొదటి యూనిట్టు కరెంటు మన తీగలలోనికి వచ్చిన దినమునకును నడుమ పదియేండ్లో, ఇరువదియేండ్లో గడచిపోవుచున్నవి. ఆ గడచిన కాలమునకు వెల చెల్లించునది ఎవరు? ఈ ప్రసంగమున మనము విచారింపబోవునది ఆ ప్రశ్ననే.

ముందుగా అణువిద్యుత్తునకు వెల ఏర్పడు తీరును తెలిసికొనవలెను. వేయి మెగావాట్ల బొగ్గు కేంద్రము రోజొక్కంటికి పదివేల టన్నులకు మించిన బొగ్గును కాల్చును. గూడ్సు బండ్లు రాత్రింబవళ్లు నడచుచుండవలసినదే. అక్కడి కరెంటు వెలలో పెద్దభాగము ఆ బొగ్గుదే. కేంద్రము నడువని దినమున ఆ ఖర్చును లేదు. అణు కేంద్రము సంగతి వేరు. కూడంకుళములోని వేయి మెగావాట్ల రియాక్టరు వంటిదానికి ఏడాది పొడుగునను కావలసిన ఇంధనము సుమారు ఇరువదియైదు టన్నులు మాత్రమే. మన దేశములో ఎక్కువగా నున్న భారజల రియాక్టర్లు వేరు రకపు ఇంధనమును వాడును. అది మన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారగుచున్నది. అక్కడను ఇంధనపు ఖర్చు మొత్తము వెలలో చిన్నపాలే. సింహభాగము కట్టడమునకు పోవుచున్నది. వేలాది టన్నుల ఉక్కు, కొండలవంటి కాంక్రీటు గోడలు, ఒక్కొక్క అతుకును పరీక్షింపవలసిన వెల్డింగులు, ఏండ్ల తరబడి పనిచేయు ఇంజనీర్లు, వీటన్నిటికిని కరెంటు పుట్టకముందే రొక్కము చెల్లింపవలెను. ఆ రొక్కములో పెద్దపాలు అప్పు. అప్పు నిద్రపోదు; దానికి ఆదివారము లేదు, పండుగ లేదు.

అప్పు చేసి ఇల్లు కట్టించినవారికి ఈ బాధను వివరింపనక్కరలేదు. గోడలు లేచినవి, కప్పు పడినది. కాని మునిసిపాలిటీవారి కాగితము రాలేదు, లేక అన్నదమ్ముల తగవు తెగలేదు. గృహప్రవేశము ఆగిపోయినది. ఉన్న ఇంటికి అద్దె తప్పదు, కట్టిన ఇంటిమీద వడ్డీయు తప్పదు. అణు కేంద్రమనగా ఇట్టి ఇల్లే. లెక్కలో మాత్రము లక్షలకు మారుగా వేల కోట్లుండును.

ఒక ఊహాలెక్క వేసి చూతము. ఒక కేంద్రమునకు పదివేల కోట్ల రూపాయలు కావలెననుకొందము. ఏటేట రెండువేల కోట్ల చొప్పున, సంవత్సరారంభమున నూటికి పది వడ్డీకి అప్పు తెచ్చి, ఐదేండ్లలో పని ముగింతురు. ఐదవయేడు నిండునప్పటికి చక్రవడ్డీతో కూడి అప్పు సుమారు 13,430 కోట్లగును. ఆనాడే కేంద్రము నడచినచో దానిని తీర్చు దారి కలదు. అట్లుగాక, కట్టడమంతయు ముగిసిన పిమ్మట ఒక సంతకము కొరకో, ఒక తీర్పు కొరకో మరి ఐదేండ్లు ఊరక నిలిచినదనుకొందము. ఒక్క ఇటుకయైనను అదనముగా పేర్చకయే ఆ అప్పు 21,630 కోట్లగును. నిజమైన కేంద్రములలో వడ్డీ రేటును, ఖర్చు పంపకమును వేరుగా నుండును. ఊరక నిలిచిన యంత్రములను తుప్పు పట్టకుండ కాపాడు ఖర్చును, పనిలేక కూర్చున్నవారి జీతములును ఈ లెక్కలో చేర్చనే లేదు. లెక్క నడక మాత్రము ఇదియే. యురేనియము చవుక కావచ్చును గాని, కాలము చవుక కాదు.

అయితే ఆలస్యములన్నియు ఒక్క తీరువి కావు. 2011 మార్చి 11వ తేదీన జపానులో భూకంపము వచ్చి, సముద్రము పొంగి, ఫుకుషిమా కేంద్రములోని డీజిలు జనరేటర్లను ముంచివైచినది. రియాక్టర్లను చల్లార్చుటకు కరెంటు లేకపోయినది. ఆ తరువాత ప్రతి దేశమును తన కేంద్రములను మరల పరీక్షించుకొన్నది. అట్లు గడచిన నెలలను వ్యర్థమని ఎవ్వరును అనరాదు. మేము మాటాడుచున్నది వేరొక ఆలస్యమును గూర్చి: నిర్ణయింపవలసినవారు నిర్ణయింపకపోవుట చేతను, ఈనాడు అవునన్న దానిని ఎన్నికల తరువాత కాదనుట చేతను కలుగునది. దీనిలోనే మరియొక రకము కలదు, అది పైకి ఆలస్యమువలె కనబడదు. నకళ్లు సిద్ధము కాకముందే, వెల తేలకముందే, నాయకులు కూడి చేతులు కలిపి ఇన్ని రియాక్టర్లు కట్టుచున్నామని ప్రకటింతురు. మా దృష్టిలో అన్నిటికంటె ఖరీదైన ఆలస్యము ఈ తొందరనుండి పుట్టునదే.

దీనికి నిదర్శనము చూపుటకు అమెరికాదాక పోవలసియున్నది. ఏలనన, మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టదలచిన రియాక్టరు అక్కడి వెస్టింగ్‌హౌస్ కంపెనీ నమూనా, దానిపేరు ఏ.పి.1000. ఈ ఏ.పి. ఆంధ్రప్రదేశ్ కాదు, కంపెనీవారు తమ నమూనాకు పెట్టుకొన్న పేరు, మన రాష్ట్రమునకు తగులుట కాకతాళీయము. ఈ నమూనాలో ఒక మెచ్చదగిన గుణము కలదు. రియాక్టరుకు పైభాగమున పెద్ద నీటితొట్టి యుండును. ఫుకుషిమాలోవలె కరెంటు పూర్తిగా పోయినను, పంపుల సాయము లేకయే నీరు తన బరువుతో తాను దిగి మూడు దినములవరకు చల్లార్చుచుండును. కాగితముమీద ఇది చక్కని యోచన. దానిని కాగితమునుండి నేలమీదికి దింపుటలోనే కథ యున్నది.

జార్జియా రాష్ట్రములో సవన్నా నదీతీరమున వోగల్ అను అణు కేంద్రము కలదు. 1987లోను, 1989లోను అక్కడ రెండు రియాక్టర్లు నడక మొదలిడినవి. వాటి సరసనే మరి రెండు ఏ.పి.1000 రియాక్టర్లు కట్టుటకు 2012 ఫిబ్రవరిలో లైసెన్సు వచ్చినది. అమెరికాలో క్రొత్త రియాక్టరు కట్టుటకు లైసెన్సిచ్చుట ముప్పది యేండ్లకు పైగా జరుగలేదు గనుక అది పెద్ద ఉత్సవమయ్యెను. రెంటికిని కలిపి సుమారు 1,400 కోట్ల డాలర్లగునని, 2016లో ఒకటి, 2017లో ఒకటి నడచునని చెప్పిరి.

జరిగినది వేరు. మూడవ రియాక్టరు 2023 జూలై 31న, నాలుగవది 2024 ఏప్రిల్ 29న వ్యాపారరీత్యా కరెంటు ఈయనారంభించినవి. ఖర్చు, వడ్డీలతో సహా, 3,500 కోట్ల డాలర్ల సమీపమునకు పోయినది. కారణములను వెదకినచో మొదట కనబడునది నకళ్ల సంగతి. ఒప్పందములు ముగిసినను నకళ్లు ముగియలేదు. 2001 నాటి విమాన దాడుల తరువాత, పెద్ద విమానము వచ్చి తగిలినను నిలుచునట్లు క్రొత్త రియాక్టర్లను రూపింపవలెనని అచ్చటి నియంత్రణ సంఘము 2009లో నియమము పెట్టినది. వెలుపలి గోడను మరల రూపించుకొనవలసివచ్చెను. రియాక్టరు భాగములను కర్మాగారములో పెద్ద పెట్టెలవలె తయారుచేసి తెచ్చి, నేలమీద జతపరచినచో పని త్వరగా నగునని ఆశించిరి. లూసియానాలోని కర్మాగారమునుండి వచ్చిన పెట్టెలు కొలతకు సరిపడక, కాగితములు సరిగాలేక, సరిచేయుటకే కాలము పట్టెను. ముప్పది యేండ్లు ఈ పని లేకపోవుటచేత దానిని చేతితో చేసియెరిగిన పనివారును మేస్త్రీలును కరవైరి. నేత మగ్గమును ఒక తరము మూలపెట్టి, రెండవ తరమును పిలిచి పట్టుచీర నేయమనినట్లయినది.

2017 మార్చి 29న వెస్టింగ్‌హౌస్ కంపెనీయే దివాలా పిటీషను పెట్టుకొనెను. పని సగములో నున్నది. ఆపవలెనా, సాగింపవలెనా? జార్జియాలో ఈ నిర్ణయము ప్రజాసేవల కమిషను చేతిలోనిది; దాని సభ్యులు ప్రజలచే ఎన్నుకోబడువారు. ఆ యేడు డిసెంబరులో వారు సాగింపుడనిరి. 2018 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసు, గడువు దాటిపోనున్న పన్ను రాయితీని పొడిగించి ఆదుకొనెను. ఇట్లు ప్రతి మలుపులోను ఒక రాజకీయ నిర్ణయము కలదు. ప్రతి నిర్ణయమునకు ముందు నెలల కొలది నిరీక్షణ కలదు. నిరీక్షణ పొడుగునను వడ్డీ నడచుచున్నది.

ఇక ఇంటియజమానుల సంగతి. 2009లో జార్జియా శాసనసభ ఒక చట్టము చేసెను. కట్టడపు అప్పునకు వడ్డీని, కేంద్రము నడువకముందే, 2011 నుండి కరెంటు బిల్లులలో వసూలు చేయవచ్చుననిరి. ఈ చట్టమును సమర్థించువారి వాదము తోసిపుచ్చదగినది కాదు. వడ్డీని ఎప్పటికప్పుడు తీర్చినచో చక్రవడ్డీ పేరుకొనదు. కడపటి వెల తగ్గును. మనము పైన వేసిన లెక్కయే దానికి సాక్ష్యము. కాని దీనికి రెండవ ముఖము కలదు. 2011 నుండి నెలనెలయు ఆ సొమ్ము చెల్లించి, 2020లో కన్నుమూసిన వృద్ధురాలికి ఆ రియాక్టర్లనుండి ఒక్క యూనిట్టును అందలేదు. అంతకంటె ముఖ్యమైనది, ఆలస్యపు బరువు కంపెనీ భుజమునుండి చాలవరకు దిగి వాడకపుదారుల భుజమునకు చేరినది. బరువు మోయనివానికి తొందర యెందుకుండును? 2023 డిసెంబరులో కమిషను మరి 756 కోట్ల డాలర్ల ఖర్చును వాడకపుదారులనుండి రాబట్టుకొనుటకు కంపెనీని అనుమతించినది. 2025 నవంబరులో జరిగిన ఎన్నికలలో కమిషను సభ్యులిద్దరు ఓడిపోయిరి; ఆ ఎన్నికలలో ప్రధానముగా వినబడిన మాట కరెంటు బిల్లు.

జార్జియావారికి కడకు రియాక్టర్లయినను దక్కినవి. పొరుగున నున్న సౌత్ కరోలినావారికి అదియు లేదు. అక్కడను అవే ఏ.పి.1000 రియాక్టర్లు రెండు; అక్కడను 2007లో చేసిన ముందస్తు వసూలు చట్టము. తొమ్మిదిసార్లు బిల్లులు పెంచిరి. సుమారు 900 కోట్ల డాలర్లు ఖర్చయిన పిమ్మట 2017 జూలై 31న పని మానివైచిరి. పని సవ్యముగా సాగుచున్నదని చెప్పి మదుపరులను మోసగించిన నేరమునకు కంపెనీ మాజీ అధిపతికి జైలుశిక్ష పడినది. ఆ సగపు కట్టడములను మరల పూర్తిచేయు ఆలోచన 2025లో మొదలైనది.

అట్లైన ఈ నమూనాయే పనికిమాలినదా? కాదని చైనా చెప్పుచున్నది. అక్కడి సన్మెన్‌లో మొదటి ఏ.పి.1000 పని 2009లో మొదలై 2018లో ముగిసినది. అదియు అనుకొన్నదానికంటె చాల ఆలస్యమే. కాని వారు అక్కడ ఆగక, ఆ పాఠములను కాపాడుకొని, 2022లో అదే స్థలమున తరువాతి జతను మొదలిడిరి. ఫ్రాన్సు దేశము ఈ విషయములో రెండు విధములను చూపినది. 1974లో ప్రధాని మెస్మేర్ ఒక యోచన ప్రకటించి, ఇంచుమించు ఒకే నమూనాల రియాక్టర్లను వరుసగా కట్టించెను. రెండు దశాబ్దములు తిరుగకముందే ఏబదికి పైగా లేచినవి. ఆ దేశమే చాలకాలము ఊరకుండి, 2007లో ఫ్లామాన్‌విల్‌లో క్రొత్త నమూనాను మొదలిడినది. 330 కోట్ల యూరోలతో 2012లో ముగియవలసిన ఆ పని 2024 డిసెంబరులో గాని కరెంటు ఈయలేదు. ఖర్చు 1,320 కోట్ల యూరోలయినది. వెనుకటి ఫ్రెంచివారు మేధావులు, ఇప్పటివారు మందమతులు అనుకొనుట పొరపాటు. పని ఆగనంతకాలము నేర్పు నిలిచినది. పని ఆగగానే నేర్పును పింఛను పుచ్చుకొన్నది.

ఇక మన దేశమునకు వత్తము. తమిళనాడు దక్షిణపు కొనను కూడంకుళము కలదు. అక్కడ రెండు రియాక్టర్లు కట్టుటకు 1988లో రాజీవ్ గాంధీ, గోర్బచేవ్ ఒప్పందము చేసికొనిరి. మూడేండ్లలో సోవియట్ యూనియనే లేకుండ పోయినది. ఒప్పందము పదియేండ్లు నిద్రించి, 1998లో మేలుకొన్నది. 2002లో కాంక్రీటు పడినది. మొదటి రియాక్టరు 2007 డిసెంబరునాటికి ముగియవలెను. రష్యానుండి సామగ్రి ఆలస్యముగా వచ్చుటచేత ఆ గడువు దాటిపోయినది. ఇంతలో ఫుకుషిమా. సముద్రపు టొడ్డున నున్న ఇడింతకరై జాలరులు టెలివిజనులో ఆ దృశ్యములు చూచి భయపడుటలో వింత యేమున్నది? 2011 శరదృతువునుండి కొన్ని నెలలు పని ఆగిపోయినది. రాష్ట్ర ప్రభుత్వము మొదట ప్రజల భయము తీరువరకు పని ఆపుడనెను. 2012 మార్చిలో, ఒక ఉపఎన్నిక ముగిసిన మరునాడే, సాగింపుడనెను. ఆ సెప్టెంబరులో పోలీసు కాల్పులలో ఒక జాలరి ప్రాణము పోయినది. 2013 మే నెలలో సుప్రీంకోర్టు అనుమతించినది. జూలైలో రియాక్టరు రాజుకొన్నది. 2014 చివరి దినమున వ్యాపారరీత్యా కరెంటు ఈయ మొదలిడెను. రెండవది 2017లో.

మొదట 13,171 కోట్ల రూపాయలకు మంజూరయిన ఈ పని 22,462 కోట్లకు పెరిగినది. ఈ పెరుగుదలను జాలరుల నెత్తిన రుద్దువారున్నారు. తేదీలు అట్లు చెప్పుటలేదు. ఉద్యమము పనిని ఆపినది నెలల కొలది. గడువు దాటిపోయి అప్పటికే మూడున్నర యేండ్లకు పైగా అయినది. ఉద్యమము చల్లారిన తరువాతను కొన్ని వాల్వులలో లోపము కనబడి మార్చవలసివచ్చెను. నిరసన చేసినవారు కంటికి కనబడుదురు, ఒప్పందపు టైపు కాగితము కనబడదు. నింద కనబడువారికే పోవుట లోకసహజము.

మన యింజనీర్లు తామే రూపించిన కేంద్రములైనను ఈ జాడ్యమునకు దూరము కావు. గుజరాత్‌లోని కాక్రపార్‌లో 700 మెగావాట్ల స్వదేశీ రియాక్టర్ల జత 2010లో మొదలైనది. 2015లో నడువవలసిన మొదటిది 2023 జూన్‌లో వ్యాపారరీత్యా నడచెను. విదేశీ ఒప్పందములు లేకపోయినను, మొదటి నమూనాకు తప్పని తంటాలు తప్పలేదు. కాని అవే రియాక్టర్లను మరి పదింటిని ఒకేసారి కట్టుటకు 2017లో కేంద్ర మంత్రిమండలి అనుమతించుట సరియైన దారి యని మేము తలచుచున్నాము. పది సార్లు పదివిధములుగా నేర్చుకొనుటకంటె ఒకే పనిని పదిసార్లు చేయుట మేలు.

ఇంక కొవ్వాడ. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలములో సముద్రపు టొడ్డున ఉన్న ఊరది. అమెరికాతో అణు ఒప్పందము కొరకు 2008 జూలైలో ఢిల్లీ ప్రభుత్వమే విశ్వాస పరీక్షకు నిలిచి గెలిచినది. మరుసటియేడు కొవ్వాడను అమెరికా రియాక్టర్ల స్థలముగా ప్రకటించిరి. అప్పుడు వచ్చుననుకొన్నది జనరల్ ఎలక్ట్రిక్ వారి నమూనా, ఏ.పి.1000 గుజరాత్‌లోని మీఠీవిర్దికి పోవలసినది.

ఇక్కడ ఒక చట్టపు చిక్కు వచ్చినది. రియాక్టరులో ప్రమాదము జరిగినచో నష్టపరిహారము ఎవరు ఈయవలెను? లోకములో చాల దేశములు నడుపువాడే ఈయవలెనని, యంత్రము అమ్మినవాని జోలికి పోరాదని ఏర్పరచుకొన్నవి. మన పార్లమెంటు 2010లో చేసిన చట్టము అట్లు కాదు. లోపముగల సామగ్రి ఇచ్చినచో అమ్మినవానినుండియు రాబట్టుకొనవచ్చుననెను. దీనికి భోపాల్ కారణము. 1984 డిసెంబరునాటి ఆ విషవాయువు, వేలమంది చావు, 1989లో 47 కోట్ల డాలర్లతో ముగిసిన రాజీ, 2010 జూన్‌లో వచ్చిన స్వల్ప శిక్షల తీర్పు: ఇవన్నియు సభ్యుల మనస్సులో పచ్చిగా నుండగా ఆ ఆగస్టులో ఈ చట్టము వచ్చినది. ఆ కట్టుబాటును అన్యాయమని మేము అనజాలము. కాని దాని ఫలము ఇది: అమెరికా కంపెనీలు రాలేదు. ఈ చట్టము క్రింద తాము భారతదేశములో అడుగు పెట్టబోమని జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి 2015లో బాహాటముగా చెప్పెను. రావలసినవారు రాకపోయినను, ఒకరును ఆ యోచనను మానుకొనలేదు, మానుకొన్నామని చెప్పలేదు.

మీఠీవిర్దిలో రైతులు భూమి ఈయమనిరి. ఏ.పి.1000 కొవ్వాడకు మారినది. 2016 జూన్‌లో మోదీ, ఒబామా కలిసి, ఆరు రియాక్టర్ల కొరకు 2017 జూన్‌నాటికి కాంట్రాక్టు ముగింతుమని ప్రకటించిరి. ఆ గడువునకు మూడు నెలల ముందే వెస్టింగ్‌హౌస్ దివాలా తీసిన సంగతి పైన చెప్పియున్నాము. 2019 మార్చిలో మరల ఆరు రియాక్టర్ల మాట సంయుక్త ప్రకటనలో వచ్చినది. 2025 డిసెంబరులో పార్లమెంటు, 1962 నాటి అణుశక్తి చట్టమును, 2010 నాటి బాధ్యత చట్టమును తొలగించి, వాటి స్థానమున క్రొత్త చట్టమును ఆమోదించినది. అమ్మువారి బాధ్యతను తగ్గించి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరచినది. దీనితో కొవ్వాడకు దారి సుగమమైనదని కొందరనుచున్నారు. చట్టపు చిక్కు తీరినంతమాత్రమున వోగల్ లెక్క మారదు. ఆ రెండు రియాక్టర్లకైన 3,500 కోట్ల డాలర్లను వాటి మెగావాట్లచే భాగించి చూచిన భారతీయ ఇంజనీరెవ్వడును నిద్రపోజాలడు. కొవ్వాడలో అంత ఖర్చు కాదనువారు, ఎంతయగునో, ఎక్కువైనచో ఆ ఎక్కువ ఎవరిదో, కాంట్రాక్టులో అంకెలతో వ్రాయింపవలసియున్నది.

2025 ముగియునాటికి కొవ్వాడలో ఒక్క రియాక్టరుకును పునాది పడలేదు. అప్పు పుట్టలేదు గనుక వడ్డీయు లేదు, నష్టమును లేదని ఢిల్లీలో ఎవరైన అనవచ్చును. ఆ ఊళ్లలో మాత్రము నష్టము మొదలై చాలకాలమయినది. కేంద్రమునకు రెండువేల ఎకరములకు పైగా భూమి కావలెనని, కొన్ని గ్రామములు ఖాళీ చేయవలెనని చెప్పి ఏండ్లు గడచినవి. ఖాళీ చేయవలసిన ఊరని ముద్రపడిన చోట ఎవడు ఇల్లు బాగుచేయించును? ఎవడు రెండవ పంటకు బావి త్రవ్వించును? పిల్లనిచ్చువాడు సయితము ఈ యూరు ఉండునా పోవునా యని అడుగును. భూమి కలవానికి ఎకరమునకు ఇంత యని లెక్క కట్టవచ్చును. జాలరికి అన్నము పెట్టునది సముద్రము. సముద్రమునకు పట్టా లేదు. ఇరువది కిలోమీటర్ల లోపల ఇల్లిచ్చినను వల వేయు రేవు వానికి దూరమగును.

కాలము గడచినకొలది తగవులు తామే పుట్టుచుండును. 2009లో పదియేండ్ల బాలుడుగా నున్న జాలరి పిల్లవాడు నేడు పెండ్లియాడి సంసారము చేయు వయస్సువాడు. పునరావాసపు పట్టికలో అతడు తండ్రి కుటుంబములో ఒక తలయా, తానే ఒక కుటుంబమా? ఏ తేదీనాటికి పదునెనిమిదేండ్లు నిండినవారిని వేరు కుటుంబముగా లెక్కింతురో ఆ తేదీమీదనే అతని ఇల్లు ఆధారపడియున్నది. ప్రతి యేడును ఆ తేదీకి ఇవతల మరికొందరు పిల్లలు పెద్దవారగుచున్నారు. రియాక్టరు నమూనాకు వెస్టింగ్‌హౌస్ సంతకము కావలెను, అప్పునకు బ్యాంకుల సంతకము కావలెను. ఈ తేదీని నిర్ణయించుటకు మాత్రము శ్రీకాకుళం కలెక్టరు కచేరీ, అమరావతి సచివాలయము చాలును.